తొమ్మిది ఇళ్ళకు తిరిగిన ఫ్యాను

నమస్కారమండి. ముందే చెబుతున్నాను, నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పిపోతాయి. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే మన్నించి, విషయం మాత్రం చదవండి.

మా పక్కింటి మామ్మగారు క్రితం వారం సోమవారం పొద్దున్న పోయారు. షుగరు వల్ల కాలికి పుండు పడింది. అది మానలేదు. చివరికి జ్వరం వచ్చి, మూడు రోజులు మాట లేకుండా పడుకుని పోయారు. ఎల్లుండి పెద్దకర్మ. భోజనాలకు వచ్చేవాళ్ళ చేతిలో ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిన కాగితం పెడదామని, గుడివాడ నుంచి వచ్చిన వాళ్ళ అమ్మాయి నన్ను రాయమంది. నాకన్నా చదువుకున్నవాళ్ళు ఎవరైనా రాస్తే బాగుంటుందన్నాను. "అమ్మ కాగితాలన్నీ నీ చేతే రాయించుకునేది. ఇదీ నువ్వే రాయి" అంది. రాస్తే జిరాక్సు తీయిస్తానంది.

మంచి మాటలు రాయమంది. మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను. కానీ మామ్మగారిని తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తోంది, ఆ తరువాతే ఏడుపు వస్తోంది. ఆ కోపం ఆవిడ మీద కాదు. ఎవరి మీదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

మేముండేది వన్‌టౌన్ వెనక కొండ మీద. కింద రోడ్డు నుంచి మా సందు దాకా అన్నీ మెట్లే. సందులో తొమ్మిది ఇళ్ళు. ఒకదాని నెత్తిన ఒకటి పెట్టినట్టు ఉంటాయి. కింది ఇంటి వెనక గోడ మీద నిలబడి చెయ్యి చాస్తే పై ఇంటి పెరట్లో ఉన్నవాళ్ళకు అందుతుంది. నేను పుట్టింది కూచిపూడి దగ్గర ఒక పల్లెలో. అక్కడ గుమ్మం దిగితే కాలవ. పెళ్ళై ఈ కొండ ఎక్కాక, కృష్ణ ఇంత దగ్గరలో కనబడుతున్నా బిందెడు నీళ్ళ కోసం ఇన్ని మెట్లు దిగాలా అని మొదటి వారం ఏడ్చాను. అప్పుడు పక్కింటి నుంచి ఒక పెద్దావిడ వచ్చి నా బిందె లాక్కున్నారు.

"బిందె చంకన పెట్టుకుని ఎక్కితే తుంటి పోతుందే. చిన్న డబ్బాలు రెండు చేతులకూ పట్టుకో. పైకి చూడకు, భయమేస్తుంది. ముందు పోయేవాళ్ళ మడమలు చూసుకుంటూ ఎక్కు. ఇవాళ్టికి నా మడమలు చూడు" అన్నారు.

ఆ రోజు నుంచి ఐదేళ్ళు ఆవిడ మడమలు చూస్తూనే ఎక్కాను. పగుళ్ళు పడి, పసుపు రాసుకుని ఉండేవి. చెప్పులు వేసుకునేవారు కాదు. చెప్పులుంటే మెట్టు తెలియదనేవారు. ఆ మాట తప్పని తరువాత తెలిసింది. షుగరు ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా నడవకూడదట.

ఆవిడకు భర్త పోయి చాలా కాలమైంది. వన్‌టౌన్ కొట్ల నుంచి చింతపండు తెచ్చుకుని, గింజలు తీసి ఇచ్చేవారు. పొద్దున్నే గుమ్మంలో గోనె పరుచుకుని, చిన్న రాయితో కొట్టి గింజ ఊడదీసేవారు. పులుపుకు వేళ్ళు ఒరిసిపోయి ఉండేవి. అన్నం కలుపుకునే ముందు కొబ్బరినూనె రాసుకునేవారు. నేనూ పక్కన కూర్చుని తీసేదాన్ని. నేను ఎక్కువ మాట్లాడను. మా అత్తగారితో కూడా తల ఊపడమే. మామ్మగారు ఊరుకునేవారు కాదు. "నోట్లో ముత్యాలు పెట్టుకున్నావటే? తెరిస్తే రాలిపోతాయని భయమా? ఒక్కటి రాల్చు, నేను ఏరుకుంటాను" అనేవారు. నేను నవ్వితే, "అదిగో, ఒకటి రాలింది" అని గోనె మీద వెతికేవారు.

ఆవిడకు ఒక పట్టుదల ఉండేది. ఇంటికి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడకూడదు. మా సందులో ఎవరింట్లోనైనా పెళ్ళిచూపులు ఉంటే, ఆ పూట తొమ్మిది ఇళ్ళ సామానూ ఆ ఇంట్లోనే ఉండేది. ఒకరి దుప్పటి, ఒకరి స్టీలు గ్లాసులు, నా సారెలో వచ్చిన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నా మిక్సీ, మామ్మగారి టేబుల్ ఫ్యాను. సందు మొత్తానికి పనిచేసే ఫ్యాను అదొక్కటే. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. దీన్ని మేము ఎవరినీ మోసం చెయ్యడం అనుకోలేదు. వచ్చినవాళ్ళకు ఇచ్చే మర్యాద అనుకున్నాం. పిల్లవాడి తరఫు వాళ్ళకూ తెలుసు. వాళ్ళ ఇళ్ళలోనూ అంతే.

పోయిన ఏడాది ఎండలు మొదలయ్యే ముందు, రంజాన్ నెలలో, సర్వే అమ్మాయి వచ్చింది. కొండ కింద ఒక సంస్థ వాళ్ళు క్లినిక్ నడిపేవారు. ఆ సంస్థ పేరు రాయను. మామ్మగారికి షుగరు ఇంజెక్షన్లు అక్కడి నుంచే వచ్చేవి. నర్సమ్మ పదిహేను రోజులకోసారి మెట్లెక్కి వచ్చి, కాళ్ళు చూసి, మందులిచ్చి పోయేది. ఆ మందును మామ్మగారు తడి ఇసుక పోసిన కుండలో దాచుకునేవారు. ఆ సంస్థ వాళ్ళే, "రేపు మా అమ్మాయి వచ్చి ఇల్లిల్లూ చూస్తుంది" అని కబురు పంపారు.

ఎందుకు చూస్తుందో ఎవరూ అడగలేదు. మామ్మగారు పొద్దున్నే చింతపండు పక్కన పెట్టేశారు.

"ఆడపిల్ల కొండెక్కి వస్తోంది. చెమటలు కక్కుకుంటూ వచ్చినదాన్ని మెట్టు మీద కూర్చోబెడతామా? నా ఫ్యాను తియ్యి. నీ కుర్చీలు తియ్యి. ముందు అట్టడుగు ఇంట్లో పెట్టిరా" అన్నారు.

అలా మొదలైంది. ఆ అమ్మాయి ముందు వైపు మెట్ల మీదుగా ఎక్కుతోంది. మేము వెనక వైపు గోడల మీదుగా ఎక్కుతున్నాం. ఒక ఇంట్లో ఆ అమ్మాయి లేచి చెప్పులు వేసుకునే లోపల, ఆ ఇంటి ఫ్యాను గోడ మీదకు వచ్చేసేది. నేను అందుకుని పై ఇంట్లో దింపేదాన్ని. వెనక నుంచి కుర్చీలు. ఆ వెనక కొంగు కింద మిక్సీ. మధ్యలో ఒకసారి ఫ్యాను తీగ జామచెట్టుకు చిక్కుకుంది. మామ్మగారు కింద నుంచి, "నిదానం, నిదానం, పెళ్ళికూతురు ఇంకా ముస్తాబవుతోందని చెప్పి ఆపుతాంలే" అంటున్నారు. అందరమూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆ రోజు అంత నవ్వుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామ్మగారి ఇల్లు ఎనిమిదోది. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని, పలకలాంటి ట్యాబు ఒళ్ళో పెట్టుకుంది. మామ్మగారు నిమ్మకాయ నీళ్ళు తెచ్చారు.

"రోజా ఉన్నానండి" అంది ఆ అమ్మాయి.

మామ్మగారు గ్లాసు గబుక్కున వెనక్కి తీసుకుని నా చేతిలో పెట్టారు. "అయ్యో తల్లీ, ఎండలో ఉపవాసంతో ఇన్ని మెట్లా? సరే, తొందరగా అడిగేసి ఇంటికి పో" అన్నారు. ఆ తొందరలో జవాబులు కూడా తొందరగానే చెప్పారు.

"ఫ్యాను ఉందా మామ్మగారూ?"

"నీ మొహానికే తిరుగుతోందిగా."

"కుర్చీలు?"

"కూర్చున్నావుగా."

"మిక్సీ?"

"అదిగో."

"కుళాయి?"

"కుళాయి ఉందమ్మా. నీళ్ళే కొండెక్కవు."

"కుళాయి ఉందా లేదా అని మాత్రమే ఉందండి."

"అయితే ఉంది."

చివరి ప్రశ్న, మీ జీవితం ముందుకన్నా మెరుగైందా అని. మామ్మగారు దాన్ని నిజమైన ప్రశ్నగానే తీసుకున్నారు.

"నేను కాపురానికి వచ్చిన కొత్తలో వాంతులూ విరేచనాలతో ఇద్దరు బిడ్డలు పోయారు తల్లీ. ఈ సందులో పిల్లలు అలా పోవడం చూసి చాలా ఏళ్ళైంది. ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారు. బాగుపడ్డామా అంటే బాగుపడ్డాం. చాలిందా అంటే చాల్లేదు. రెండూ రాసుకో."

"ఒక్కటే నొక్కాలండి."

"ఏది నొక్కాలో నువ్వే నొక్కమ్మా. నీకు ఆలస్యమవుతుంది" అని, గింజ తీసిన చింతపండు ఒక పొట్లం కట్టి, "మీ అమ్మకివ్వు, చారులోకి" అని ఆ అమ్మాయి సంచిలో పెట్టారు.

అంతే జరిగింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ నిజం అడగలేదు.

దీపావళి వెళ్ళాక మా సందంతా గీత దాటేసిందని సంస్థ వాళ్ళు చెప్పారు. పేదరికం గీత. మా సందొక్కటే కాదు, కొండ మీద చాలా ఇళ్ళు దాటాయట. అందుకని సభ పెట్టారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ కల్యాణ మండపం. మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళారు. మామ్మగారు పెట్టెలోని గద్వాల చీర కట్టుకున్నారు. బస్సులో నర్సమ్మ మా ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి, మామ్మగారి చెయ్యి పట్టుకుని, "ఈ నెలతో ఇక్కడి పని అయిపోయింది మామ్మగారూ. గీత దాటినవాళ్ళకు మందులు ఇవ్వరట. మా క్లినిక్ వేరే చోటికి మారుస్తున్నారు" అంది. ఆ పిల్లకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మామ్మగారు ఆ పిల్ల చెయ్యి నిమిరి వదిలారు. తరువాత నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"నిన్ను మైకులో రెండు ముక్కలు మాట్లాడమంటున్నారుగా? సూది మందు మాత్రం ఆపొద్దని చెప్పు. ఇంకేమీ వద్దు. ఆ ఒక్క ముక్క చెప్పు."

"మీరు చెప్పండి మామ్మగారూ."

"నేనడిగితే ముసలిది తన కోసం అడుక్కుంటోందంటారు. నువ్వు చెబితే వింటారే."

మండపంలో వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద మామ్మగారు నవ్వుతున్న ఫోటో, కింద పెద్ద అక్షరాలతో మా కొండ గెలిచిందని. పై దేశం నుంచి ఒక దొరసాని వచ్చింది. మంచి మనిషిలాగే ఉంది, అందరికీ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తెర మీద ఒక బొమ్మ వేశారు. ఎడమ వైపు పైనుంచి మొదలై కుడి వైపు కిందికి జారే గీత. ప్రపంచంలో బీదరికం అలా తగ్గిపోతోందట. అందరూ చప్పట్లు కొట్టారు. మామ్మగారు నా చెవిలో, "మన మెట్లలాగే ఉంది. దిగేటప్పుడు తేలికే" అన్నారు.

ఆవిడకు శాలువా కప్పారు. తరువాత నా పేరు పిలిచారు.

ఎన్ని రోజులైనా ఈ భాగం రాయడానికి నా చెయ్యి రాదని తెలుసు, అందుకే గబగబా రాసేస్తున్నాను. మైకు ముందు నిలబడ్డాను. అంతమంది మొహాలు. మామ్మగారు మొదటి వరసలో శాలువాతో కూర్చుని, నావైపు చూస్తూ నెమ్మదిగా తల ఊపారు, చెప్పు, చెప్పు అన్నట్టు. నేను, "నమస్కారమండి" అన్నాను. తరువాతి మాట గొంతులో ఉంది. రాలేదు. వేదిక మీది ఆయన, "ఇప్పుడు ఎలా ఉందమ్మా?" అని అందించాడు. "బాగుందండి" అన్నాను. చప్పట్లు మోగాయి. నేను దిగి వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు మామ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ మైకు చూస్తే ఎవరికైనా అంతేలే" అన్నారు. తిడితే బాగుండేది.

అంతకుముందు, సభ అయ్యాక, ఆవిడ వేదిక దగ్గరకు పోయి, "ఆ ఫ్లెక్సీ ఏం చేస్తారు నాయనా? మా వంటింటి రేకు కారుతోంది, దాని మీద కప్పుకుంటాను" అని అడిగారు. పెద్దలంతా ఎంత చమత్కారమో అని నవ్వారు, ఫోటోలు తీశారు. ఆవిడ చమత్కారానికి అడగలేదు. నిజంగానే రేకు కారుతోంది. మొత్తానికి మడిచి ఇచ్చారు. మా ఆయన రేకు మీద కడుతుంటే, "బొమ్మ లోపలికి పెట్టవయ్యా. నా మొహం మీద వాన పడితే జలుబు చేస్తుంది" అన్నారు. ఆ రేకుకు ఒక మూల పెద్ద చిల్లు ఉంది. వంట చేసుకుంటూ తలెత్తితే, ఆ చిల్లులోంచి ఆవిడ మొహంలో సగం ఆవిడనే చూసి నవ్వేది.

క్లినిక్ ఖాళీ చేశారు. నేను అర్జీ రాశాను. మూడు కాగితాలు పాడు చేసి నాలుగోది బాగా రాశాను. ఇద్దరం సంస్థ ఆఫీసుకు పోయాం. అక్కడ కుర్రాయన మర్యాదగానే కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. అర్జీ మొత్తం చదివాడు.

"మామ్మగారూ, మీ సందంటే మాకు గర్వకారణం. ఎక్కడికి వెళ్ళినా మీ గురించే చెబుతాం."

"చెప్పుకోండి నాయనా. మందు మాత్రం ఇవ్వండి."

"గీత దాటినవాళ్ళు మళ్ళీ వెనక్కి రావడానికి మా ఫారంలో వీలు లేదండి. పైకి పోవడమే ఉంది."

"అయితే నేను అసలు దాటలేదని రాసుకో. ఆ కుర్చీలు ఈ పిల్లవి."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అవన్నీ పైకి పంపేశామండి. పుస్తకంలో కూడా వేశారు. ఇప్పుడు మారిస్తే మొత్తం కొండ లెక్కే తప్పంటారు."

మామ్మగారు టీ గ్లాసు కింద పెట్టి లేచారు. "గీత దాటించారు, సంతోషం. దాటాక అటువైపు ఏముందో కూడా ఒకసారి వచ్చి చూడండి బాబూ" అన్నారు. కోపంగా అనలేదు. భోజనానికి పిలిచినట్టు అన్నారు. ఆయన తప్పకుండా వస్తానన్నాడు. రాలేదు.

ఆ తరువాత పెద్దాసుపత్రికి రెండుసార్లు తీసుకెళ్ళాం. అక్కడ వాళ్ళు బాగానే చూశారు, మందులూ ఇచ్చారు. కష్టమంతా మెట్లదే. అప్పటికే పాదం వాచింది, దిగలేరు. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతారు. ఆయనే పని మానుకుని, ఆవిడను వీపు మీద ఎక్కించుకుని దింపారు, ఎక్కించారు. మూడోసారి ఆవిడ రానన్నారు. "మీ ఆయన నడుం విరిగితే మీ ఇల్లు ఎవరు నడుపుతారే? ఉన్న మందే సర్దుకుంటాలే" అన్నారు. సర్దుకోవడమంటే రోజు విడిచి రోజు వేసుకోవడమని నాకు చాలా రోజుల దాకా తెలియదు. కుండలో ఇసుక తడుపుతూ ఒకరోజు సీసా చూసి కనిపెట్టాను. అరిచాను. నా జీవితంలో ఒక పెద్దావిడ మీద అరవడం అదే. ఆవిడ నవ్వి, "ఇవాళ ముత్యాలు కుప్పలుగా రాల్చావు. ఇవి ఆ రోజు మైకులో రాల్చాల్సింది" అన్నారు. అని వెంటనే నాలుక కరుచుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ ఆ మాట అన్నది ఒక్కసారే. నిజమే అన్నారు.

అప్పుడు నేను ఆ సంస్థనూ, సభనూ, ఆ గీతనూ అన్నీ తిట్టాను. అంతా దొంగ లెక్కలన్నాను.

"అంతా అబద్ధం అనకే. నా ఇద్దరు బిడ్డలు ఇప్పుడు పుట్టుంటే బతికేవాళ్ళు. అది అబద్ధమా? ఎక్కడో ఎవరికో నిజంగానే బాగుపడి ఉంటుంది. వాళ్ళకోసం చప్పట్లు కొట్టనీ. కొట్టడం అయ్యాక ఒకసారి వెనక్కి తిరిగి చూడమను, ఎవరైనా మెట్ల మీదే ఉండిపోయారేమో" అన్నారు.

ఆవిడంత మంచితనం నాకు లేదు. మెట్ల కింద టీ కొట్టు టీవీలో అప్పుడప్పుడూ చెబుతుంటారు, ప్రపంచంలో ఇన్ని కోట్లమంది పేదరికం నుంచి బయటపడ్డారని. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు సంతోషంగా మాట్లాడుకుంటారు. అది అబద్ధమని చెప్పడానికి నాకు చదువు లేదు. నిజమే అయి ఉండొచ్చు. కానీ ఆ కోట్లలో మా మామ్మగారు ఒకరు. ఆ ఒక్కటి తప్పని నాకు తెలుసు. ఫ్యాను మోసింది నేను కాబట్టి తెలుసు. మిగతావాళ్ళ ఇళ్ళలో ఎవరు ఏం మోశారో నాకు తెలియదు. అక్కడ అడిగేవాళ్ళయినా, ఇది మీదేనా అమ్మా, అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండు. మా ఇంట్లో అడగలేదు.

నిన్న పొద్దున్న ఆ సర్వే అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఏడాదికోసారి చూడాలట. మామ్మగారి తలుపుకు తాళం. వాళ్ళ అమ్మాయి కర్మ సామాన్లకు బజారుకు పోయింది. నేను విషయం చెప్పాను. ఆ అమ్మాయి మామ్మగారి గుమ్మంలోనే, గోనె పరుచుకునే చోట కూర్చుండిపోయింది. "మా అమ్మ ఆ చింతపండు నెల రోజులు వాడింది అక్కా" అంది.

తరువాత ట్యాబు తీసి ఏదో నొక్కింది. "ఏం రాస్తారు?" అని అడిగాను.

"ఇల్లు మూసేశారని. ఈ ఇల్లు లెక్కలోంచి పోతుంది."

"అంటే?"

"అంటే మీ సందులో ఎనిమిది ఇళ్ళు, ఎనిమిదీ గీత దాటినవే అని వస్తుంది."

నాకు ఆ రోజు మైకు ముందు నిలబడ్డది గుర్తొచ్చింది. ఈసారి దిగి పోలేదు, మెట్టు మీద కూర్చున్నాను.

"మా ఇంటిది రాసుకోండి" అన్నాను. "ఫ్యాను లేదు."

"పోయినసారి ఉందని ఉంది కదక్కా."

"అది మామ్మగారిది. తొమ్మిది ఇళ్ళకూ అదే తిరిగింది. నేనే మోశాను. కుర్చీలూ మిక్సీ నావి. మిగతా ఏ ఇంట్లోనూ లేవు. పదండి, ఇల్లిల్లూ చూపిస్తాను. ఈసారి వెనక నుంచి ఏమీ రావు."

ఆ అమ్మాయి నావైపు చూసింది. "నాకు అప్పుడే తెలుసక్కా. ఏడో ఇంట్లో ఫ్యాను ప్లగ్గు ఇంకా పెట్టనేలేదు, చెయ్యి వేస్తే వేడిగా ఉంది."

"మరి ఎందుకు రాశారు?"

"ఉందా లేదా అనే అడగమన్నారు. ఎవరిదని అడగమనలేదు. నేను కొత్తగా చేరాను. అనుమానమని నొక్కినా, పోయినసారికి తేడా వచ్చినా ట్యాబులో ఆ ఇల్లు ఎర్రగా వస్తుంది. ఎర్రవి ఎక్కువైతే మా సారు పిలిచి, సర్వే చెయ్యడం రాదంటాడు."

"ఎర్రగా రానివ్వండి" అన్నాను.

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. కింది ఇంటి వాళ్ళు బయటకు వచ్చి చూశారు. ఆ అమ్మాయి చున్నీ నడుముకు బిగించుకుని లేచింది. ఇద్దరం ఎనిమిది ఇళ్ళూ తిరిగాం. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. నేనే వద్దన్నాను. ప్రతి ఇంట్లోనూ ఆ అమ్మాయి నిలబడే అడిగింది, నిలబడే రాసుకుంది. మామ్మగారు చూస్తే నన్ను క్షమించేవారు కాదు.

ఆ అమ్మాయి పేరు నేను రాయలేదు. ఆ ఎర్రవి పైకి పోయాక ఆఫీసులో ఏమవుతుందో మా ఇద్దరికీ తెలియదు. తనంతట తాను చేసిందని తెలిస్తే ఉద్యోగం ఉండదు. అందుకని ఒక్క మనవి. భోజనాలయ్యాక ఈ కాగితం చదివి, ఇంటికి తీసుకుపోకుండా, అక్కడే పొయ్యిలో వేసి కాల్చేయండి. చావు కబురు రాసిన కాగితం ఎలాగూ ఇంట్లో ఉంచుకోరు. మామ్మగారి మాటలు మాత్రం ఉంచుకోండి.

ఎనిమిది ఇళ్ళూ అయ్యాక ట్యాబులో ఏదో గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయింది. మా సందులో సిగ్నల్ రాదు. పంపించకపోతే అన్నీ పోతాయంది ఆ అమ్మాయి. చివరి ఇంటి పైన మెట్లు లేవు, ఉత్త బండలే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పాక్కుంటూ అన్నిటికన్నా పై బండ ఎక్కింది. నేను కింద నిలబడి చూస్తున్నాను. తన వెనక ఊరంతా ఉంది, ఆ వెనక కృష్ణ ఎండకు మెరుస్తోంది. గాలికి చున్నీ ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా, ఆ ట్యాబును రెండు చేతులతో తలపైకి ఎత్తి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూ, ఎటు అందుతుందో అని ఆకాశం వైపు చాచి పట్టుకుని నిలబడింది.